వడదెబ్బ రాత్రిపూట కూడా తగులుతుంది



వడదెబ్బ అనగానే మనకు మిట్టమధ్యాహ్నపు ఎండ గుర్తుకొస్తుంది. కాని ఒక మే నెలలో మా ఆస్పత్రికి ఒక పెద్దమ్మగారిని తెల్లవారుజామున తీసుకొచ్చారు. మూడు రోజులుగా ఆమె గడప దాటలేదు. మేడమీద రేకుల గదిలో ఫ్యాను కిందే ఉన్నారు. రాత్రి ఒళ్ళు కాలిపోతుంటే జ్వరమనుకొని ఇంట్లోవాళ్ళు పారాసిటమాల్ మాత్ర వేశారు. తెల్లవారేసరికి మాట తడబడి, కన్నకొడుకునే గుర్తుపట్టలేదు. మేము చేయగలిగినదంతా చేశాం, అయినా దక్కించుకోలేకపోయాం. "ఎండలోకి పంపనే లేదు సిస్టర్, వడదెబ్బ ఎలా తగిలింది?" అని ఆ కొడుకు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

రాత్రి ఎందుకు చల్లబడదు?

చెట్లు, చెరువులు, మట్టినేల ఉన్నచోట నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. వాటి స్థానంలో మనం సిమెంటు మేడలు కట్టుకున్నాం, తారు రోడ్లు వేసుకున్నాం. అవి పగలంతా ఎండను పీల్చుకొని రాత్రంతా వేడిని వదులుతాయి. ఇరుకు వీధుల్లో గాలి ఆడదు. ఏసీలు గదిలోని వేడిని వీధిలోకి తోస్తాయి. అందుకే పట్టణం చుట్టుపక్కల పల్లెలకంటే, ముఖ్యంగా రాత్రివేళ, వేడిగా ఉంటుంది. లండన్ రాత్రులు పొలాలకంటే వెచ్చగా ఉన్నాయని ల్యూక్ హోవర్డ్ అనే ఆయన 200 ఏళ్ళ క్రితమే కొలిచి చూపాడు.

దీనికి తోడు భూమి అంతా వేడెక్కుతోంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. కొలతలు ఉన్న సంవత్సరాల్లో 2024 అప్పటివరకు అన్నిటికన్నా వేడైనది. బొగ్గుతో నడిచే పరిశ్రమలు రాకముందు కంటే సుమారు 1.5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. ఇది ప్రపంచమంతటి సగటు. సగటు కాస్త పెరిగినా వడగాడ్పుల రోజులు బాగా పెరుగుతాయి. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే.

ఎవరికి ప్రమాదం?

పగలు వేడితో అలసిన గుండె రాత్రి చల్లదనంలో సేద తీరాలి. ఆ విశ్రాంతి దొరకకపోతే వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, గుండె, కిడ్నీ, షుగరు జబ్బులున్నవారు త్వరగా దెబ్బతింటారు. ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవారు వాటిని సొంతంగా మానవద్దు. వేసవి రాకముందే డాక్టరుగారిని అడగండి.

ఏం చేయాలి?

1. పెద్దవారిని రేకుల గదిలో, పై అంతస్తులో పడుకోబెట్టవద్దు. కింది గదికి మార్చండి.

2. పగలు ఎండవైపు కిటికీలు మూసి, రాత్రి తెరవండి. కప్పుకు తెల్ల సున్నం వేస్తే ఎండ తిరిగిపోయి గది చల్లబడుతుంది. ఇందుకోసమే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది.

3. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వడగాలినే విసురుతుంది. తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ ఉండండి.

4. దాహం వేయకపోయినా నీళ్ళు, మజ్జిగ తాగించండి. నీళ్ళు తక్కువ తాగమని డాక్టరు చెప్పినవారు ఆ లెక్కే పాటించాలి.

5. ఒళ్ళు 104 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరి, మాట తడబడినా, మగతగా ఉన్నా అది వడదెబ్బ. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

వీధిలో ఒక వేపచెట్టు నాటితే ఆ నీడ మన మనవలకు అందుతుంది. ఈ వేసవికి మాత్రం ఒక చిన్న పని చేద్దాం. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవారి తలుపు సాయంత్రం ఒకసారి, ఉదయం లేవగానే ఒకసారి తట్టండి.