ముద్ద ఎవరు కలుపుతున్నారో చూడండి

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. గండం గడిచింది, రేపోమాపో డిశ్చార్జి. ఇంట్లో చూసుకునే మనిషి లేక కొన్నాళ్ళు రిహాబ్ సెంటర్లో చేర్చాలనుకుని రెండు చోట్లకు వెళ్ళి చూసొచ్చారు. ఒకచోట ఏసీ గది, మనిషికో అటెండెంటు. పళ్ళు తోమడం దగ్గర్నుంచి అన్నం తినిపించడం దాకా అన్నీ వాళ్ళే చేస్తారు, పేషెంటు వేలు కదపక్కర్లేదు. రెండోచోట భోజనాల వేళ ఒక పెద్దాయన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళలేక అవస్థ పడుతుంటే, ఆయా పక్కనే నిలబడి చూస్తోందట గానీ చెయ్యి వెయ్యలేదట. "డబ్బు తీసుకుని ఇంత నిర్దయగా ఉంటారా? మా డాక్టరుగారేమో ఆ రెండోదే మంచిదంటున్నారు. మీరేమంటారు?" అని ప్రశ్న.

నేనూ డాక్టరుగారి పక్షమే. ఆ ఆయా చేతులు కట్టుకుని నిలబడడం వెనక 130 ఏళ్ళ శాస్త్రచరిత్ర ఉంది. అందులో కోతులున్నాయి, కోర్టు కేసులున్నాయి, ఒక నోబెల్ గ్రహీత పొరపాటూ ఉంది. ఇలాంటి ప్రశ్న చేతికొచ్చాక రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు ప్రాథమిక విషయాలు, గబగబా. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా స్ట్రోక్ అంటాం. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు. ఎడమవైపు మెదడు దెబ్బతింటే కుడి పక్క పడిపోతుంది. పెద్దవాళ్ళ మెదడులో నాడీమార్గాలు స్థిరపడిపోతాయని, ఇక మారవని స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రమోన్ యి కహాల్ 20వ శతాబ్దం మొదట్లో రాశాడు. దాని వెంటనే భవిష్యత్తు మీద ఆశ కూడా పెట్టుకున్నాడు గానీ, వైద్యలోకం మొదటి మాటే పట్టుకుని కూర్చుంది. ఇంతవరకూ ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. నన్ను నిద్రపోనివ్వనిది చచ్చిపోయిన భాగం కాదు, బతికుండీ పని చెయ్యని భాగం.

1895లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ మాట్, చార్లెస్ షెరింగ్టన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కోతి చేతినుంచి వెన్నుపాములోకి స్పర్శను మోసుకెళ్ళే నరాల మూలాల్ని మాత్రం కత్తిరించారు. కండరాలను కదిలించే నరాల జోలికి పోలేదు. అంటే ఆ చెయ్యి కదలగలదు, కానీ దానికి స్పర్శ తెలియదు. కోతి ఆ చేతిని పూర్తిగా వదిలేసింది. వేరుశనగ గింజ ముందు పెట్టినా ఆ చెయ్యి చాపలేదు. స్పర్శ లేకపోతే ఇచ్ఛాపూర్వకమైన కదలిక సాధ్యం కాదని వాళ్ళు తేల్చారు. షెరింగ్టన్‌కు 1932లో నోబెల్ వచ్చింది. అంతటివాడి మాట కాదనేదెవరు?

నిజానికి కాదన్నవాళ్ళున్నారు. 1909లో జర్మనీలో హెర్మన్ మంక్ అలాంటి కోతికి మంచి చేతిని కట్టేస్తే పాడైన చేతితో తిండి అందుకుంటుందని చూపించాడు. 1917లో అమెరికాలో ఆగ్డెన్, ఫ్రాంజ్ ఇంకా ముందుకెళ్ళారు. కోతుల మెదడులో కదలికల కేంద్రాన్నే దెబ్బతీసి, మంచి చేతిని కట్టేసి, పడిపోయిన చేతితో బలవంతంగా పని చేయిస్తే కొద్ది వారాల్లో అది కోలుకుందని రాశారు. పడిపోయిన చేతితో ఇలా పని చేయించడమే ఇవాళ ప్రతి మంచి రిహాబ్ సెంటర్లో జరగాల్సింది. కానీ ఆ రెండు పరిశోధనలూ లైబ్రరీల్లో దుమ్ముకొట్టుకుపోయాయి.

వాటిని మళ్ళీ వెలికితెచ్చినవాడు ఎడ్వర్డ్ టౌబ్. ఆయన వైద్యుడు కాదు, మనస్తత్వశాస్త్రజ్ఞుడు. అందుకేనేమో నరాన్ని చూడకుండా కోతి అనుభవాన్ని చూశాడు. రెండు చేతులకూ స్పర్శ తీసేస్తే కోతి రెండింటినీ వాడుతోంది! ఒక్క చేతికి తీసేస్తేనే దాన్ని వదిలేస్తోంది. స్పర్శ లేకపోవడమే కారణమైతే ఇది ఎలా కుదురుతుంది?

టౌబ్ జవాబు ఇది. నరాలు తెగిన కొత్తలో నాడీవ్యవస్థ అంతా దిమ్మెరపోయి ఉంటుంది. ఆ చెయ్యి నిజంగానే కదలదు. కోతి ప్రయత్నిస్తుంది, కిందపడుతుంది, గింజ జారిపోతుంది. అదే మంచి చేతితో అందుకుంటే గింజ నోట్లోకొస్తుంది. వైఫల్యానికి శిక్ష, రెండో దారికి బహుమతి, రోజుకు వంద సార్లు. కొంతకాలానికి దిమ్ము దిగుతుంది, చేతికి కదిలే శక్తి తిరిగొస్తుంది. కానీ ఆ సంగతి కోతికి తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ చెయ్యి పనికిరాదని అది ఎప్పుడో నేర్చేసుకుంది. దీనికి ఆయన పెట్టిన పేరు లెర్న్‌డ్ నాన్‌యూజ్, వాడకపోవడాన్ని నేర్చుకోవడం.

ఊహ బాగుంది, రుజువు? నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇక్కడే వస్తుంది. ఆపరేషన్ అయిన వెంటనే, దిమ్ము దిగేదాకా, కోతి ఆ పాడైన చేతినే కదపడానికి వీల్లేకుండా కట్టేశారు. ప్రయత్నించే వీలు లేదు కాబట్టి ఓడిపోయే వీలూ లేదు. నెలల తర్వాత కట్టు విప్పితే, ఆ చేతిని వాడుకుంది. నరాలు అవే, కోత అదే. మధ్యలో ఓటమి పాఠం ఒక్కటే లేదు! ఇక పాఠం ముందే నేర్చేసుకున్న కోతికి మంచి చేతిని కట్టేస్తే గంటల్లోనే చెడ్డ చెయ్యి బయటికొచ్చింది. ఒక్కరోజులో కట్టు విప్పేస్తే మళ్ళీ పాత కథే. కొన్ని రోజులు, వారాలు ఉంచితే ఆ మార్పు నిలిచిపోయింది.

పక్షవాతం వచ్చిన మనిషిలోనూ ఇంతే. గడ్డ చంపిన చోటు చిన్నదే అయినా, దానితో అనుసంధానమున్న దూరప్రాంతాలు కూడా కొన్నాళ్ళు మూగబోతాయి. 20వ శతాబ్దం మొదట్లో ఫాన్ మోనకోవ్ అనే వైద్యుడు దీనికి డయాస్కిసిస్ అని పేరు పెట్టాడు. ఆ వారాల్లో పేషెంటు చెయ్యి ఎత్తబోతాడు, లేవదు, సిగ్గుపడతాడు. ఇంతలో పక్కనుంచి ఎవరో ప్రేమగా ముద్ద నోట్లో పెడతారు. కోతికి కనీసం తన రెండో చెయ్యే బహుమతి ఇచ్చింది. మన పెద్దాయనకు ఇల్లంతా ఇస్తుంది. కుడి చెయ్యి పడిపోయినవాళ్ళకు మన దగ్గర ఇంకో చిక్కుంది. ఎడమ చేత్తో అన్నం తినడం అప్రాచ్యం కాబట్టి, ఆ చెయ్యి నేర్చుకునేదాకా కూడా ఆగకుండా వెంటనే కూతురో కోడలో కంచం అందుకుంటుంది.

టౌబ్ కథ సాఫీగా సాగలేదు. 1981లో మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఆయన ప్రయోగశాలలో వాలంటీరుగా చేరిన అలెక్స్ పచేకో అక్కడి కోతుల దుస్థితిని ఫోటోలు తీసి పోలీసులకిచ్చాడు. 17 కోతుల్ని స్వాధీనం చేసుకున్నారు. జంతుహక్కుల సంస్థ పెటా పేరు మొదట మోగింది ఆ కేసుతోనే. కింది కోర్టులో టౌబ్‌కు శిక్ష పడింది, చివరికి పైకోర్టులో రద్దయింది. ఆయన పరిశోధన మాత్రం ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఆ గదుల ఫోటోలు చూసినవాళ్ళెవరూ ఆయన్ని మహర్షి అనరు, నేనూ అనను. విచిత్రమేమిటంటే, 1991లో ఆ కోతుల్లో కొన్నిటి మెదళ్ళను పరీక్షించినప్పుడు, చేతికి కేటాయించిన ప్రాంతాన్ని పక్కనున్న ముఖం తాలూకు ప్రాంతం సెంటీమీటరుకు పైగా ఆక్రమించినట్టు తేలింది. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లకు మించి మెదడు పటం మారదనుకునే రోజుల్లో అది పిడుగు. తెగిన చెయ్యి ఇంకా ఉన్నట్టు ఎందుకనిపిస్తుందో వివరించడానికి మన నాడీశాస్త్రజ్ఞుడు వి.ఎస్. రామచంద్రన్ బయలుదేరింది ఆ ఫలితం చదివే.

1996లో రాండల్ఫ్ నూడో అనే పరిశోధకుడు ఈ మెదడు పటం కథకు రెండో సగం చూపించాడు. స్క్విరల్ కోతుల మెదడులో చేతి ప్రాంతంలో చిన్న స్ట్రోక్ కలిగించి ఊరికే వదిలేస్తే, పక్కనే బతికున్న చేతి ప్రాంతం కూడా కుంచించుకుపోయింది. గుంటల్లోంచి తిండి బిళ్ళలు తీసే పని రోజూ వందలసార్లు చేయిస్తే అది నిలిచింది, కొన్నిటిలో మోచేతి, భుజం ప్రాంతాల్లోకి విస్తరించింది. వాడకపోతే నష్టం మరింత పెరుగుతుందన్నమాట.

మనుషుల్లో పెద్ద పరీక్ష 2006లో వచ్చింది, పేరు ఎక్సైట్. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది. సగంమందికి రెండు వారాలపాటు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం మంచి చేతికి తొడుగు వేసి, చెడ్డ చేతితో రోజూ గంటల తరబడి పని చేయించారు. మామూలు వైద్యం అందినవాళ్ళకన్నా వాళ్ళ చెయ్యి బాగా మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. అయితే మణికట్టునూ వేళ్ళనూ కాస్తయినా పైకి ఎత్తగలిగినవాళ్ళనే తీసుకున్నారు. అసలేమీ కదలని చేతికి ఈ పద్ధతి పనికిరాదు. ఇది చదివి ఇంట్లో ఎవరూ నాన్నగారి మంచి చేతిని కట్టెయ్యొద్దు. స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లో అతి చేస్తే బెడిసికొడుతుంది కూడా. ఎలుకల్లో మంచి కాలిని వెంటనే కట్టేస్తే గాయమే పెద్దదైంది. మెల్‌బోర్న్‌కు చెందిన జూలీ బెర్న్‌హార్ట్ కథ ఇంకా చిత్రం. 2004లో ఆవిడ అయిదు ఆసుపత్రుల స్ట్రోక్ పేషెంట్లను గమనించి, పగటిపూట సగానికి పైగా మంచం మీదే ఉన్నారనీ, 60 శాతం సమయం ఒంటరిగా గడిపారనీ, కోలుకోవడానికి పనికొచ్చే కదలిక 13 శాతం సమయమేననీ లెక్క తీశారు. మండిపడి, 24 గంటల్లోపే లేపి నడిపించే అవర్ట్ అనే పెద్ద ప్రయోగానికి నాయకత్వం వహించారు. 2,104 మంది మీద చేసిన ఆ ప్రయోగం 2015లో ఆవిడ ఆశకు ఎదురు తిరిగింది. తొలిరోజే తీవ్రంగా కదిలించినవాళ్ళలో బాగా కోలుకున్నవాళ్ళు 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందుకు ఆవిడకు నా నమస్కారం.

ఆ మొదటి రోజులు దాటాక మాత్రం సమస్య కదలిక ఎక్కువవడం కాదు, తక్కువవడం. కేథరిన్ లాంగ్ బృందం 2009లో అమెరికా, కెనడాల్లో ఫిజియోథెరపీ జరుగుతున్న గదుల్లో కూర్చుని లెక్కపెట్టింది. చేతితో ఏదైనా పనికొచ్చే కదలిక ఒక సెషన్లో సగటున 32 సార్లు. నూడో కోతులు చేసింది రోజుకు వందల్లో!

ఇక ఆయా దగ్గరకు వద్దాం. మార్గ్రెట్ బాల్టెస్ అనే జర్మన్ మనస్తత్వశాస్త్రజ్ఞురాలు వృద్ధుల నర్సింగ్ హోముల్లో సిబ్బందినీ అక్కడుంటున్నవాళ్ళనూ క్షణక్షణం గమనించి రాసుకుంది. తన బొత్తాం తనే పెట్టుకుంటున్న ముసలమ్మను ఎవరూ పట్టించుకోరు. చెయ్యి చాపి ఊరుకున్న ముసలమ్మ దగ్గరకు వెంటనే ఒకరొస్తారు, మాట్లాడతారు, నవ్వుతారు. ఒంటరితనంతో నిండిన చోట అదెంత పెద్ద బహుమతో ఊహించండి. టౌబ్ కోతికి గింజ నేర్పిన పాఠమే ఇది, పలకరింపు రూపంలో. సిబ్బంది చెడ్డవాళ్ళు కారు. నలభై మందికి గంటలో భోజనాలు పెట్టాలంటే తినిపించడమే త్వరగా తెమిలే పని. ఎదురుచూడడానికి మనుషులు కావాలి, మనుషులంటే జీతాలు.

కాబట్టి సెంటరు చూడడానికి ఆఫీసువాళ్ళు రమ్మన్న వేళకు కాకుండా భోజనాల వేళకు వెళ్ళండి. ముద్ద ఎవరు కలుపుతున్నారో చూడండి. పేషెంటు అవస్థ పడుతుంటే ఆయా కళ్ళు ఆయన మీదున్నాయా, ఫోన్ మీదున్నాయా చూడండి. మొదటిదైతే వైద్యం, రెండోదైతే నిర్లక్ష్యం. నోటికి పెట్టే ముందు మింగగలడో లేదో పరీక్ష చేశారా అని అడగండి, లేకపోతే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఉదయం పదకొండింటికి ఎంతమంది మంచాల మీదే ఉన్నారో చూడండి. మడమల మీదా నడుము కిందా పుండ్లు పడకుండా ఎంతసేపటికోసారి పక్కకు తిప్పుతారో నర్సును అడగండి, మేనేజరును కాదు. ఫిజియోథెరపిస్టును మాత్రం ఒక్కటే అడగండి: "ఒక సెషన్లో చెయ్యి ఎన్నిసార్లు పని చేస్తుంది?" అంకె చెప్పలేకపోతే జాగ్రత్త పడాలి. ఆదివారాలు వస్తారా లేదా అన్నది దాని తర్వాత.

అమెరికాలో అమ్మానాన్నల్ని చూసుకునే తెలుగువాళ్ళకు, అక్కడి ప్రభుత్వ ఆరోగ్యబీమా మెడికేర్ 2008 నుంచి నర్సింగ్ హోములకిచ్చే నక్షత్రాలున్నాయి. ఒకటి నుంచి అయిదు. తనిఖీలు, సిబ్బంది సంఖ్య, నాణ్యతా కొలమానాలు కలిపి ఇస్తారు. కొలమానాల్లో కొన్ని ఆ హోములే స్వయంగా నింపి పంపేవి కాబట్టి తనిఖీ నివేదికనే ఎక్కువ నమ్మడం మేలు. మన దగ్గర అలాంటి ప్రభుత్వ నక్షత్రాలు లేవు. ఫిజియోథెరపిస్టులను కూడా నమోదు చేసి నియంత్రించే జాతీయ చట్టం వచ్చిందే 2021లో.

"ఇంట్లోనే ఎవరో ఒకరం నేర్చుకుని చేయిస్తే పోలేదా" అంటారు చాలామంది. మనదేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పేషెంట్ల మీద అటెండ్ అనే ప్రయోగం ఇదే అడిగింది. ఒక గుంపులో కుటుంబసభ్యుడికి శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గర రిహాబ్ చేయించారు, రెండో గుంపుకు మామూలు వైద్యమే. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవాళ్ళూ, ఒకరిమీద ఆధారపడినవాళ్ళూ కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఇంటివాళ్ళ ప్రేమను తక్కువ చేయడం లేదు, అది వృత్తి నైపుణ్యానికి బదులు కాదంటున్నాను.

ఇంకో గొణుగుడు. ఈమధ్య బ్రోషర్ల మీద రోబో బొమ్మ లేకుండా రిహాబ్ సెంటరే ఉండడం లేదు. బ్రిటన్‌లో 770 మంది మీద జరిగిన రాటుల్స్ అనే ప్రయోగం 2019లో వెలువడింది. చేతికి రోబోతో శిక్షణ ఇచ్చినవాళ్ళకూ మామూలు వైద్యం అందినవాళ్ళకూ మూడు నెలలకు చేతి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాకినాడ పాఠకురాలికి నా సలహా: రోబో అద్దె బిల్లులో విడిగా ఉంటే అది వద్దని చెప్పి, ఆ డబ్బుతో ఇంకో పూట ఫిజియోథెరపిస్టు దొరుకుతారేమో అడగండి.