పచ్చిక కోసేవాని కొడుకు, సైనిక వైద్యుని కొడుకు

రాజధానిలోని రాజకీయ వర్గాలలో గోల్ఫ్ ప్రసక్తి వస్తే సాధారణంగా చర్చ ఆటను గురించి గాక స్థలాన్ని గురించి సాగుతుంది. డాక్టర్ జాకిర్ హుస్సేన్ మార్గ్ ప్రక్కన, మొగలాయీల నాటి సమాధుల నడుమ, 179 ఎకరాలలో విస్తరించిన ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ ప్రభుత్వ భూమిలో కౌలుపై నడుస్తున్న సంస్థ. దానిలో సభ్యత్వం కోసం దశాబ్దాల తరబడి నిరీక్షించినవారున్నారు. గోల్కొండ నయా ఖిలాలోని గోల్ఫ్ మైదానాన్ని గురించి హైదరాబాదులో చెలరేగిన వివాదం ఎరిగిన మన పాఠకులకు ఈ ధోరణి కొత్త కాదు. ఏమైనా, పెద్ద ఉద్యోగులు ఉదయం పూట ఆ పచ్చికపై ఏమి మాట్లాడుకున్నారన్నది వార్త అవుతుంది గాని, అక్కడ ఎవరు ఎలా ఆడారన్నది కాదు. ఈ ఆటపై అభిమానం గలవారికి ఇది బాధాకరమే.

2015వ సంవత్సరపు గోల్ఫ్ ఋతువును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ ఏడు అనిర్బన్ లాహిరి సాధించిన విజయాలు సామాన్యమైనవి కావు. ఫిబ్రవరిలో మలేషియన్ ఓపెన్, అదే నెలలో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆగస్టులో అమెరికాలోని విస్లింగ్ స్ట్రెయిట్స్ మైదానంలో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో ఐదవ స్థానాన్ని మరొకరితో పంచుకున్నాడు. ప్రపంచంలోని నాలుగు ప్రధాన పోటీలలో భారతీయ పురుషుడెవ్వరూ అంతకు ముందు అంత పైకి వెళ్ళలేదు. అంతవరకు 2008లో జీవ్ మిల్ఖా సింగ్ పొందిన తొమ్మిదవ స్థానమే ఘనం. అక్టోబరులో దక్షిణ కొరియాలో జరిగిన ప్రెసిడెంట్స్ కప్‌లో ఆడిన తొలి భారతీయుడు కూడా లాహిరియే. చివరి రోజున క్రిస్ కిర్క్‌తో తలపడి, ఆఖరి గుంట దగ్గర పసివాడైనా వేస్తాడనిపించే పట్‌ను తప్పి ఓడిపోయాడు. అతని జట్టు ఒకే ఒక పాయింటు తేడాతో కప్పు పోగొట్టుకున్నది. ఆసియా పర్యటన పట్టికలో ఆ ఏడాది ప్రథమ స్థానం మాత్రం అతనిదే.

పత్రికలు విస్లింగ్ స్ట్రెయిట్స్‌ను ఆకాశానికెత్తాయి. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో ఆ ఋతువులో చూడదగిన ఆట అది కాదు. ఫిబ్రవరి 22వ తేదీ ఆదివారం నాడు ఢిల్లీలో జరిగినది.

గోల్ఫ్‌లో నాలుగు రోజులు, రోజుకు 18 గుంటల చొప్పున, ఎవరు తక్కువ స్ట్రోకులతో ముగిస్తే వారిదే గెలుపు. ఆ ఆదివారం ఉదయానికి శివ్ శంకర్ ప్రసాద్ చౌరాసియా అగ్రస్థానంలో వున్నాడు. లాహిరి అతనికి ఏడు స్ట్రోకుల వెనుక. ఏడు స్ట్రోకులంటే సామాన్యంగా పోటీ ముగిసినట్లే లెక్క. కాని ఢిల్లీ మైదానపు స్వభావం వేరు. దారులు ఇరుకు, ఇరుప్రక్కల ముళ్ళపొదలు, బంతి పొదలోకి దొర్లిందా, నెమళ్ళకే గాని మనిషికి చిక్కదు. బలశాలి అయిన విదేశీయుడు పెద్ద కర్రతో బాది ఇక్కడ బోర్లా పడడం, స్థానికుడు చిన్న కర్రతో ఒదిగి ఆడి ముందుకు సాగడం మనకు పరిపాటి. ఆనాడు మాత్రం మైదానం తన సొంత బిడ్డలనే ఒకరిపై ఒకరిని ఉసిగొల్పింది. చౌరాసియా ఆధిక్యం గుంట గుంటకూ కరిగిపోయింది. చివరకు ఇద్దరూ సమానమై, ప్లేఆఫ్ తొలి గుంటలోనే లాహిరి గెలిచాడు.

ఈ ఇద్దరూ ఎవరు? లాహిరి సైనిక వైద్యుని కుమారుడు. సైనిక స్థావరాల మైదానాలలో ఆట నేర్చుకున్నాడు. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చికను కోసి, నీరు పెట్టి సాకిన ఉద్యోగి. 1829లో వెలసిన ఆ క్లబ్ బ్రిటిష్ దీవుల వెలుపల అన్నింటికన్న పాతది. ఆ కుర్రవాడు ఇతరుల సంచులు మోస్తూ, చూచి నేర్చుకున్నాడు. శిక్షకుడు లేడు. 2015 నాటి ఓటమితో కలిపి ఇండియన్ ఓపెన్‌లో నాలుగుసార్లు రెండవ స్థానంలో నిలిచాడు.

ఇది అతనొక్కని కథ కాదు. ఇండియన్ ఓపెన్ 1964లో ప్రారంభమైంది. 1965లో ఔత్సాహికుడైన పి.జి. సేథీ గెలిచిన తరువాత 26 సంవత్సరాల పాటు ఏ భారతీయుడికీ అది దక్కలేదు. 1991లో ఆ కరువు తీర్చినవాడు అలీ షేర్, ఇదే ఢిల్లీ క్లబ్‌లో క్యాడీగా సంచులు మోసినవాడు. 1993లో మళ్ళీ గెలిచాడు. 2013లో ఇక్కడే చౌరాసియానూ, లాహిరినీ ఒకే ఒక స్ట్రోకుతో వెనుకకు నెట్టిన సిద్దికుర్ రహమాన్ ఢాకాలోని కుర్మిటోలా మైదానంలో బంతులేరిన బాలుడు. బంగ్లాదేశ్ అతనిని 2016 రియో ఒలింపిక్స్‌లో జాతీయ పతాకధారిగా నిలబెట్టింది.

సభ్యులుగా లోపలికి రాలేనివారు సేవకులుగా వచ్చి, సభ్యులెవ్వరికీ సాధ్యం గాని ఆటను ఆడి చూపారన్న మాట. క్లబ్బులు తాము ఆటను పోషిస్తున్నామని చెప్పుకుంటాయి. సంచి మోసే బాలునికి దొరికేది పెద్దలు ఆడని వేళ, మైదానపు ఒక మూల; దీనిని పోషణ అనడానికి నాకు మనసొప్పదు. 2017లో ఇదే ఢిల్లీ క్లబ్‌లో, అతిథిగా వచ్చిన మేఘాలయ మహిళ ఒకరిని ఆమె సంప్రదాయ దుస్తులు పనిమనిషి వేషంలా వున్నాయని భోజనశాల నుండి వెళ్ళిపొమ్మన్న సంగతి దేశమంతటా గగ్గోలైంది. రుసుము చెల్లించిన ఎవరైనా ఆడగల మైదానాన్ని ఢిల్లీ అభివృద్ధి సంస్థ కుతుబ్ దగ్గర నడుపుతున్నది. అటువంటివి దేశంలో ఎన్ని నగరాలలో వున్నాయో మన శాసనసభ్యులెవరైనా అడిగితే బాగుండును.

చౌరాసియా సంగతి. 2016 మార్చిలో అదే ఢిల్లీ మైదానానికి అతడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆధిక్యం కరగలేదు. రెండు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. రెండవ స్థానాన్ని పంచుకున్నవారిలో లాహిరి ఒకడు. మరుసటి సంవత్సరం పోటీ గుర్‌గావ్‌కు మారింది. అక్కడ చౌరాసియా గెలిచినది ఏడు స్ట్రోకులతో.