బాలల సచిత్ర గ్రంథములు: మేనిచాయ, మూగసూచన

బాలసాహిత్యమును విమర్శించువారు సాధారణముగ కథను, నీతిని, భాషను పరిశీలింతురు. బొమ్మను అలంకారముగ నెంచి విడిచిపెట్టుదురు. కాని అక్షరములు రాని పసివాడు మొదట చదువునది బొమ్మనే. ఎవరు మంచివారో, ఎవరు చెడ్డవారో, ఎవరిని చూచి నవ్వవలెనో కథ చెప్పకముందే బొమ్మ చెప్పివేయును. మాటలో నున్న అభిప్రాయమును బాలుడు ఒకనాటికి ప్రశ్నింపగలడు. మాటలేకయే మనస్సున చేరినదానిని ప్రశ్నించుట కష్టము. మేనిరంగును గూర్చి సచిత్ర గ్రంథములు చేయు ఇట్టి మూగసూచనలను, వాని పనితీరును వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము మనకు మిక్కిలి దూరమైనది కాదు. 1899లో లండనున వెలువడిన ‘లిటిల్ బ్లాక్ శాంబో’ కర్త్రి హెలెన్ బానర్‌మన్ మదరాసు రాజధానిలో నివసించిన స్కాట్లండు వనిత. విశాఖపట్టణము జిల్లాయు నాడు ఆ రాజధానిలోనిదే. కథలో పులులు చెట్టుచుట్టు పరుగెత్తి పరుగెత్తి కరగి నేయి యగును. బాలుడు తెలివిగలవాడు, పులుల బారినుండి తప్పించుకొన్నవాడు. కాని బొమ్మలలో అతని రూపము ఆఫ్రికా సంతతివారిని పరిహసించుటకు నాడు వాడుకలోనున్న వికారపు మూస. ‘శాంబో’ యను పేరును అమెరికాలో నల్లవారిని కించపరచు పిలుపే. మాట మెచ్చుకొనుచుండగా బొమ్మ వెక్కిరించుచున్నది. 1932లోనే లాంగ్‌స్టన్ హ్యూస్ కవి దీనిని ఆక్షేపించెను. 1996లో ఫ్రెడ్ మార్సెలినో అను చిత్రకారుడు ఆ కథకే క్రొత్త బొమ్మలు వేయగా, పాత్రలకు భారతీయ నామములతో అది ‘లిటిల్ బాబాజీ’ కథగ వెలువడినది. మారినవి బొమ్మలును, పేర్లును మాత్రమే. దోషము కథలో లేదనియు, వీనిలోనే ఉండెననియు ఈ మార్పే నిరూపించుచున్నది.

రెండవ విధమైన సూచన వికృతరూపము కాదు, లేమి. 1965లో నాన్సీ లారిక్ అను విదుషి, 1962 మొదలు 1964 వరకు అమెరికాలో ప్రకటితములైన 5,206 బాలగ్రంథములను లెక్కించి, వానిలో నల్లవారు ఒక్కరైనను కనబడునవి 349 మాత్రమే, అనగా నూటికి 6.7 వంతులే అని తేల్చినది. ఏ పుస్తకమును నిందావాక్యము పలుకనక్కరలేదు. వేలకొలది పుస్తకములలో తనవంటి ముఖము కనబడని బిడ్డ, లోకమున తనకు చోటులేదని తానే గ్రహించును.

ఇక మన గ్రంథముల మాట. ఇచట మాటకును బొమ్మకును గల వైరుధ్యము మరింత విచిత్రమైనది. భారతము ద్రౌపదిని కృష్ణ యన్నది. ఆ నామమునకు ఆమె నల్లని చాయయే కారణము. భారతకర్తయగు వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు. అర్జునుని పది నామములలో కృష్ణనామ మొకటి. మేనిచాయను బట్టియే తండ్రి తనకా పేరు పెట్టెనని విరాటపర్వమున అతడే ఉత్తరునకు చెప్పుచున్నాడు. ఐనను అచ్చుబొమ్మలలో ద్రౌపది గౌరాంగియే. రవివర్మ చిత్రించిన సైరంధ్రియు అట్టిదే. రామకృష్ణులను తెల్లగ చూపుట సాధ్యము కాలేదు గనుక వారికి నీలము పూయబడినది. నీలము మనుష్యులకు లేని రంగు. దానివలన దేవుడు నల్లనివాడన్న సంగతి బిడ్డకు తెలియనే తెలియదు. నలుపు దేవునినుండి వేరైపోవును.

అట్లు వేరైన నలుపు ఎచటికి పోయినది? 1967లో అనంత పాయ్ సంపాదకత్వమున ఆరంభమైన ‘అమర చిత్ర కథ’ను పరిశోధించినవారు దీనిని గమనించిరి. దేవతలును, రాజులును లేతరంగులవారు. అసురులు గోధుమ, నలుపు చాయలవారు, స్థూలకాయులు, కోరలు గలవారు. నందినీ చంద్ర 2008లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున ఉపయుక్తము.

ఇది చిత్రకారుల సంప్రదాయమే కాని వివక్ష కాదని ఒక ఆక్షేపణ కలదు. సంప్రదాయమనుట నిజము. నాట్యశాస్త్రము ఆహార్యాభినయ ప్రకరణమున పాత్రలకు మేనిరంగులు విధించినది. నరనారాయణులకు శ్యామవర్ణము, దైత్యరాక్షసులకు నల్లని వర్ణము చెప్పినది. అంతటితో నిలువక బ్రాహ్మణక్షత్రియులను గౌరవర్ణముతోను, వైశ్యశూద్రులను శ్యామవర్ణముతోను చూపుమన్నది. కిరాతులు, పుళిందులు, ద్రమిళులు మున్నగువారితోపాటు ఆంధ్రులను నల్లనివారిలో చేర్చినది! కావున సంప్రదాయమను సమాధానము వివక్షను తొలగించుట లేదు. దాని వయస్సును మాత్రము తెలుపుచున్నది. రంగు ఇచట కులమునకును, దేశమునకును గుర్తు. రాక్షసుని నలుపును చూచి భయపడుట నేర్చిన తెలుగుబిడ్డ, ఆ శాస్త్రము ప్రకారము తన వారినే చూచి భయపడుచున్నాడు.

అచ్చు సౌకర్యము కొరకే రంగులు కుదింపబడినవని మరియొక ఆక్షేపణ. రంగులు కొన్నియే యుండుటచే మనుష్యులందరు ఒక్క చాయలో నుండుట సంభవమే. కాని ఆ యొక్క చాయ లేతగులాబియే ఏల కావలెను, గోధుమరంగు దుష్టులకే ఏల మిగులవలెను అను ప్రశ్నకు యంత్రము సమాధానము చెప్పజాలదు.

దీని ఫలము ఎవరిపై పడునో చూడవలెను. అచ్యుతాపురము మండలమున పూడిమడక మత్స్యకారుల ఊరు. ఎండలో, ఉప్పుగాలిలో పెరిగిన బిడ్డలు అచట బడికి వచ్చుచున్నారు. ప్రత్యేక ఆర్థికమండలి వెలసిన పిమ్మట పనికై ఇతర ప్రాంతములవారును ఈ వైపునకు వచ్చిరి. అచ్యుతుడనగా విష్ణువు, నల్లనివాడు. ఆయన పేరిటి ఊరిలో తరగతి పుస్తకము తెరచిన నల్లని బిడ్డకు తన చాయగల ముఖము దొంగదో రాక్షసునిదో యైనచో, ఆ బిడ్డ నేర్చుకొనునది అక్షరములు మాత్రమే కాదు. 2020లో పశ్చిమ బెంగాల్‌లోని ఒక బడిలో వాడిన ఆంగ్లాక్షరమాల పుస్తకమున, కురూపి యను అర్థముగల మాటకు నల్లనివాని బొమ్మ యుండుటచే అలజడి రేగి ఇద్దరు ఉపాధ్యాయినులపై చర్య తీసికొనబడినది. అది బయటపడిన సూచన, బయటపడనివే ఎక్కువ.

ప్రతిప్రయత్నములును లేకపోలేదు. కంచ ఐలయ్య శ్రమగౌరవమును గూర్చి పిల్లలకై రచించి 2007లో ప్రకటించిన గ్రంథమునకు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసినది. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెలుగు, మలయాళము, ఆంగ్లములలో వెలువరింపజేసిన బాలల కథలలో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్ బాబు మున్నగువారి రచనలు కలవు. దళిత, ముస్లిం కుటుంబముల బిడ్డలు వానిలో కథానాయకులు.

పాత పుస్తకములను దాచివేయుట ఉపాధ్యాయుని పని కాదు. వానిని చేతనుంచుకొనియే బిడ్డలను మూడు ప్రశ్నలు అడుగవచ్చును. కథ చెప్పిన రంగును బొమ్మ చూపుచున్నదా? మంచివారికిని చెడ్డవారికిని రంగులు పంచిన తీరెట్టిది? ఈ పుస్తకమున ఎవరు లేరు? ద్రౌపది పేరునకు అర్థము చెప్పి, ఆమె బొమ్మను మరల రంగులు వేయుమన్న చాలును. ఒక పాఠము పూర్తియగును.

పరిశోధక విద్యార్థులకు ఇచట విశాలమైన క్షేత్రము కలదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణుల కృషిచే ఆరంభమైన ‘చందమామ’ సంపుటములే ఒక గొప్ప నిధి. చిత్రా, ఎం. టి. వి. ఆచార్య, శంకర్, వడ్డాది పాపయ్య మున్నగువారి శైలులు వేరువేరు. వీరిలో పాపయ్య శ్రీకాకుళమున జన్మించి, చివరి కాలమున అచ్యుతాపురమునకు సమీపమునగల కశింకోటలో నివసించినవాడు. ఏ చిత్రకారుడు ఏ పాత్రకు ఏ చాయ నిచ్చెనో దశాబ్దముల వారిగ లెక్కించి పట్టిక వేసినచో, ఊహలకు బదులు నిర్ణయములు లభించును. ప్రతిభను గౌరవించుటకును, దోషమును గుర్తించుటకును విరోధము లేదు. మన భాషలో శ్యామశబ్దమునుండి వచ్చిన చామనచాయ యను అందమైన మాట యున్నది. దానికి తగిన బొమ్మయు బాలుర పుస్తకమున ఉండవలెను.