ఎవరీ అశోక్ కుమార్?

జూనియర్ ఎన్టీఆర్ 'దమ్ము'కీ, కోర్టు కాగితాల్లోని అశోక్ కుమార్‌కీ ఏమిటి సంబంధం? 'కిస్మత్' హీరో అశోక్ కుమార్ కాదు సుమా! ఈయన అసలు ఏ ఊళ్ళోనూ లేడు. పేరూ ఊరూ తెలియని దొంగమీద దావా వెయ్యాలంటే మన దేశంలో రాసే పేరది. ఇంగ్లీషువాళ్ళకి 'జాన్ డో'.

2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు సమయంలో, హక్కులు లేకుండా మ్యాచ్‌లు చూపించే కేబుల్ వాళ్ళమీద ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఆర్డరే ఇచ్చింది. తర్వాత సినిమావాళ్ళూ అదే దారి పట్టారు. ఆర్డరు ముందుగానే చేతిలో ఉంటే, పైరసీ కాపీ నెట్‌లో కనబడగానే ఆపించొచ్చు. కోట్లు గుమ్మరించిన నిర్మాతకి మొదటి వారమే ప్రాణం కదా!

2012లో ధనుష్ '3'కీ, మన 'దమ్ము'కీ మద్రాసు హైకోర్టులో ఆర్డర్లు తెచ్చుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. మే నెలలో ఇంటర్నెట్ కంపెనీలు ఏం చేశాయనుకున్నారు? దొంగ కాపీ ఉన్న పేజీతో సరిపెట్టకుండా సైట్లకి సైట్లే మూసేశాయి! పైరేట్ బే అంటే సరే. విమియో, డైలీమోషన్ ఏం చేశాయండీ? సొంతంగా తీసుకున్న షార్ట్ ఫిల్మ్ విమియోలో పెట్టి, ఆ లింకు చూపించి ఛాన్సు అడుగుదామనుకున్న కుర్రాడి గతేమిటి? వాడికి నోటీసు లేదు. ప్రతివాది అశోక్ కుమార్ కాబట్టి, వాడి తరఫున కోర్టులో నోరు విప్పే నాథుడూ లేడు. నాకు ఈ కథలో కడుపు రగిలేది ఇక్కడే.

జూన్‌లో ముసుగులు తగిలించుకున్న కుర్రకారు వీధికెక్కింది. అదే నెలలో హైకోర్టూ తేల్చి చెప్పింది: దొంగ కాపీ ఉన్న చిరునామానే ఆపండి, మొత్తం సైటుని కాదు. హమ్మయ్య!

కానీ దొంగ ఊరుకుంటాడా? ఒక పేరు మూస్తే రెండో వేషంలో దిగుతాడు, మన హీరోల ద్విపాత్రాభినయంలాగా! అందుకే 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇంకో మెలిక పెట్టింది. పైరసీయే వృత్తిగా పెట్టుకున్న సైటుని మొత్తంగా ఆపొచ్చు. అది పేరు మార్చుకొస్తే కొత్త దావా అక్కర్లేదు; జాయింట్ రిజిస్ట్రార్ దగ్గర అర్జీ పెడితే చాలు. న్యాయంగానే ఉందనిపించింది నాకు. విమియోని, దొంగ సైటుని ఒకే గాటన కట్టకపోతే అదే పదివేలు.

అన్నట్టు, హాల్లో ఫోనెత్తే అలవాటున్న తమ్ముళ్ళకో మాట. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. దొంగ కాపీ కోసం హాల్లో సినిమా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. జరిమానా 3 లక్షలకి తగ్గదు. సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు. పెద్ద హీరో సినిమాకి ఆ లెక్క మీరే కట్టుకోండి!