తాతగారి కెమెరాకు కొత్త కన్ను

పుప్పాలగూడలో కొండరాళ్ల పక్కనే ఆకాశహర్మ్యాలు. రెండూ ఒకే ఫొటోలో పట్టాలంటే పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలకు మామూలుగా ఉండే 50 మి.మీ. లెన్స్ చాలదు. దాని చూపు దాదాపు 47 డిగ్రీలే. అదే 35 మి.మీ. లెన్స్ అయితే 63, 28 మి.మీ. అయితే 75 డిగ్రీలు!

మరి అటక మీదున్న ఫెడ్‌కో, జోర్కీకో అలాంటి వైడ్ యాంగిల్ లెన్స్ దొరుకుతుందా? దొరుకుతుంది. ఆ సోవియట్ కెమెరాలు జర్మనీ లైకాకు నకళ్లుగా మొదలయ్యాయి. అందుకే పాత లైకాల్లాగే వీటికీ 39 మి.మీ. మర. 35 మి.మీ. జూపిటర్-12 వీటికోసం చేసిందే. కాకపోతే దాని వెనక గాజు బాగా లోపలికి పొడుచుకొస్తుంది. కొన్ని కెమెరాల్లో అది లోపలి భాగాలకు తగలొచ్చు. మెల్లగా బిగించి చూడాలి.

అసలు తిరకాసు వేరే ఉంది. తొలితరం జెనిత్ ఎస్ఎల్ఆర్‌ల మరా 39 మి.మీ.దే. వాటి మిర్-1 లెన్స్ మీ కెమెరాకు చక్కగా బిగుసుకుంటుంది. కానీ లెన్స్ కూర్చునే చోటు నుంచి ఫిల్ముకు దూరం జెనిత్‌లో 45.2 మి.మీ., రేంజ్‌ఫైండర్‌లో 28.8 మాత్రమే. అందుకే బొమ్మలన్నీ మసకే! ఇందులో మనం లెన్స్‌లోంచి చూడం కాబట్టి, ఫిల్ము కడిగించాక గానీ ఆ సంగతి బయటపడదు. అప్పటికి 36 ఫొటోలూ పోయినట్టే.

ఇంకోటి... కెమెరా కిటికీ 50 మి.మీ. దృశ్యాన్నే చూపిస్తుంది. లెన్స్‌కు తగిన వ్యూఫైండర్‌ను విడిగా కొని పైన తగిలించుకోవాలి.

కాబట్టి లెన్స్ బేరానికి వెళ్లేటప్పుడు కెమెరానూ వెంట తీసుకెళ్లండి. మర కలిస్తే చాలదు, దూరమూ కలవాలి.