ఓడ పోతుంది... నేర్చింది ఉంటుంది!

వేంపల్లె, పులివెందుల పక్క చీనీ తోట పెట్టిన రైతు మొక్క నాటిన మర్నాడే కాయలు కోస్తానంటే నవ్వుతారు. నాలుగైదేళ్లు నీళ్లు కడుతూ కాచుకోవాల్సిందే. ఆ రైతు కొడుకే సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, 'నాన్నా, కొంచెం డబ్బిస్తే ఆటలో పెద్ద ఓడ కొనుక్కుంటా' అన్నాడనుకోండి... ఏం చెప్పాలి? ఆట సంగతి తెలియని నాన్న 'పోయి చదువుకో' అని కసురుతాడు. తెలిసిన నాన్న మాత్రం ఒక్క మాట అడుగుతాడు: 'నడపడం నేర్చుకున్నావా మరి?'

సరిగ్గా ఆ ప్రశ్న చుట్టూ తిరిగే ఆట ఒకటుంది. పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌ల్యాండ్‌కు చెందిన సీసీపీ గేమ్స్ 2003 మేలో విడుదల చేసింది. దేశదేశాల నుంచి వేలమంది ఒకే అంతరిక్షంలో తిరుగుతూ గనులు తవ్వుతారు, వ్యాపారం చేస్తారు, జట్లు కట్టి యుద్ధాలకు దిగుతారు. చిన్న ఫ్రిగేట్ దగ్గర్నుంచి కొండంత టైటాన్ దాకా రకరకాల ఓడలు.

నిద్రపోయినా శిక్షణే!

ఈ ఆటలో పైలట్‌కు ఏ విద్య నేర్పాలో ఎంచుకుంటే చాలు, గడియారం మొదలవుతుంది. అది నిజం గడియారమే. కంప్యూటర్ కట్టేసి పడుకున్నా శిక్షణ సాగుతూనే ఉంటుంది. రాత్రింబవళ్లు ఆడినంత మాత్రాన ఆ గడియారం పరుగెత్తదు (తల్లిదండ్రులకు ఇది శుభవార్తే!). ఒక్కో విద్యకు ఐదు మెట్లు. మొదటిది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఐదోది మాత్రం తేలికైన విద్యకే ఐదు రోజుల దాకా పడుతుంది. బ్యాటిల్‌షిప్ లాంటి పెద్ద ఓడ విద్యకైతే నెల దాటిపోతుంది. ఒక్కో మెట్టుకు దక్కేది చాలావరకు 5 శాతమో అంతకు కాస్త అటూ ఇటో. అంతేనా అనిపిస్తుంది. కానీ తుపాకీ గురి, కవచం బలం, ఇంధన శక్తి... అన్నిట్లో ఆ కొంచెం కొంచెం కలిస్తే ఒకే రకం ఓడలు నడిపే ఇద్దరిలో ఒకరు గెలుస్తారు, ఒకరు పేలిపోతారు.

పెద్ద ఓడ ఎక్కడానికి కనీస అర్హత సంపాదించడం వేరు, దాన్ని నడపడం వేరు. లైసెన్సు చేతికొచ్చిన రోజే లోడు లారీతో గువ్వలచెరువు ఘాట్ దిగితే ఎలా ఉంటుంది? ఇక్కడా అంతే. పెద్ద ఫిరంగులు దగ్గరగా తిరిగే చిన్న ఓడను అందుకోలేవు. ఆ చిన్న ఓడ పారిపోకుండా పట్టి ఉంచే పరికరం తగిలిస్తే చాలు, దాని స్నేహితులు వచ్చే వరకు పెద్దోడ కదల్లేదు. ఆట మొదలుపెట్టి కొద్ది రోజులే అయిన పైలట్ కూడా ఈ పని చేయగలడు.

పేలిన ఓడ మళ్లీ రాదు. బీమా ఉంటే కొంత చేతికొస్తుంది. నేర్చిన విద్య మాత్రం పైలట్‌తోనే ఉండి, రేపు ఎక్కే ఓడకూ పనికొస్తుంది. (2014 డిసెంబరు వరకు ఒక మెలిక ఉండేది. చనిపోయాక లేచే క్లోన్‌కు ముందుగా డబ్బు కట్టడం మరిస్తే విద్యలోనూ కోత పడేది. తర్వాత ఆ నియమం తీసేశారు.)

21 గంటల యుద్ధం

2014 జనవరి 27న బి-ఆర్5ఆర్‌బి అనే చోట మొదలైన పోరు దాదాపు 21 గంటలు సాగింది. పాల్గొన్నవారు 7,500 మందికి పైనే. కూలిన టైటాన్లు 75. మొత్తం నష్టం నిజం డబ్బులో 3 లక్షల డాలర్లకు పైగా ఉంటుందని అంచనా. కారణం ఏమిటనుకున్నారు? ఆ ప్రాంతం మీద హక్కుకు కట్టాల్సిన బిల్లు కట్టకపోవడం! టైటాన్ల మీదున్నది కొత్తవాళ్లు కాదు, ఏళ్ల తరబడి నేర్చినవారే. అంతటివాళ్లకే ఓడ నిలవలేదు. మర్నాడు వాళ్లకు మిగిలింది ఆ నేర్పే.

మరి విద్యనూ కొనుక్కోవచ్చా? 2016 ఫిబ్రవరి నుంచి కొనుక్కోవచ్చు. ఒకరి దగ్గర తీసిన నైపుణ్య పాయింట్లను ఇంకొకరికి ఎక్కించే ఇంజెక్టర్లు అప్పుడే వచ్చాయి. ఎన్నో ఏళ్లు కాచుకున్న పాతకాపులకు ఇది మింగుడుపడలేదు, పడకపోవడం న్యాయమే. అయితే ఏ దారిలో మాటు వేసి ఉంటారో, ఎప్పుడు వెనక్కి తిరగాలో, ఎవరిని నమ్మాలో ఏ ఇంజెక్టరూ ఎక్కించలేదు. అది నాలుగు ఓడలు పోగొట్టుకుంటేనే వస్తుంది.

కాబట్టి పిల్లాడు డబ్బడిగితే తొందరపడక్కర్లేదు. 2016 నవంబరు నుంచి కొన్ని పరిమితులతో ఈ ఆటను ఉచితంగానే ఆడనిస్తున్నారు. 'పోయినా ఫర్వాలేదనుకునే ఓడే ఎక్కు' అన్నది అక్కడి పాత ఆటగాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మాట. ఆ ఓడా పోతే? ఓడ లేకుండా స్టేషన్ చేరిన పైలట్‌కు ఆటే ఓ చిన్న ఓడను ఊరికే ఇస్తుంది.