బంగారు తీగ నుంచి స్ప్రింగు గన్ను దాకా

చెవులు కుట్టే గన్ను విప్పి చూస్తే లోపల ఉండేవి చాలా తక్కువ భాగాలు. ఒక గట్టి స్ప్రింగు, దాన్ని వెనక్కి లాగినప్పుడు పట్టి ఉంచే కొక్కెం, ముందుకు దూకే సన్నటి కడ్డీ. కడ్డీ చివర మొన తేలిన దుద్దు కూర్చుంటుంది. తమ్మెకు అవతలి పక్కన దుద్దును బిగించే సీల సిద్ధంగా ఉంటుంది. వెనక గుబ్బ లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది. మీట నొక్కితే కొక్కెం వదిలేస్తుంది. చెవి పక్కనే టప్‌మని చప్పుడు. పిల్ల ఏడుపు అందుకునేలోపే దుద్దు తమ్మెను దాటి సీలలో బిగిసిపోతుంది. రాజమండ్రి, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో నగల షాపుకో, పార్లరుకో, కొత్తగా తెరిచిన పియర్సింగ్ స్టూడియోకో చెవి కుట్టించుకోవడానికి వెళ్తే ఎదురయ్యేది ఎక్కువగా ఇదే.

ఈ యంత్రం ఎలాంటిదో తెలియాలంటే అది ఎవరి పనిని అందుకుందో ముందు చూడాలి. గోదావరి జిల్లాల్లో చెవులు కుట్టడం కంసాలి పని. అన్నవరంలోనో ద్వారకా తిరుమలలోనో పుట్టువెంట్రుకలు తీయించి, ఆ వేడుకతోనే చెవులూ కుట్టించేవారు కొందరు. మంచిరోజు చూసుకుని కంసాలిని ఇంటికే పిలిపించుకునేవారు కొందరు. పిల్ల మేనమామ ఒడిలో కూర్చుంటుంది. చేతిలో బెల్లం ముక్కో మిఠాయో ఉంటుంది. కంసాలి సంచిలో మాత్రం సూది ఉండదు. ఆ పిల్ల కోసమే తీసిన బంగారు తీగ ఉంటుంది.

బంగారం మెత్తటి లోహం కదా, చర్మంలోకి ఎలా దిగుతుంది? జవాబు కమ్మచ్చు దగ్గర ఉంది. వరసగా చిన్నవవుతూ పోయే కంతలున్న ఉక్కు పలక అది. బంగారాన్ని ఒక్కో కంతలోంచి లాగినకొద్దీ తీగ సన్నబడుతుంది, దాంతోపాటే గట్టిపడుతుంది. లోహం లోపల పరమాణువుల వరసలు లాగినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి జారి, చివరికి ఒకదానికొకటి అడ్డం పడి కదలలేని స్థితికి వస్తాయి. మళ్లీ కాలిస్తే వరసలు సర్దుకుని మెత్తబడుతుంది. కాల్చకుండా ఆకురాయితో మొన పెడితే ఆ తీగ తమ్మెలోకి దిగేంత గట్టిగా ఉంటుంది. దిగాక కొనలు వంచి మెలిపెట్టి పోగు చేసేంత మెత్తదనమూ అందులో మిగిలే ఉంటుంది. 22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం బంగారమే, మిగతాది ఎక్కువగా రాగి, వెండి. ఒంటికి పడకపోయే నికెల్ మామూలుగా అందులో ఉండదు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది, కుట్టే సూదే నగ కావడం. ఒక పిల్ల చెవిలోకి దిగిన తీగ ఆ చెవిలోనే ఉండిపోతుంది, ఇంకో పిల్ల దగ్గరికి పోదు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలంలోనే ఒకరి రక్తం ఇంకొకరికి అంటే దారి చాలావరకు మూసుకుపోయింది. పైగా ఆ పోగు తమ్మె కింద వదులుగా వేలాడుతుంది. రెండో రోజుకు చెవి వాచినా వాపుకు చోటుంటుంది. ఇదంతా శుభ్రంగా జరిగేదని చెప్పను. కంసాలి చేతి మసి, వీధి అరుగు మీది దుమ్ము, పుండు మీద వేసే ఇంటి పసుపు, వీటిలో ఏదైనా చీము పట్టించగలదు. కానీ పనిముట్టు ఆలోచన మాత్రం తప్పులేనిది.

ఇంకా వెనక్కి వెళ్తే సుశ్రుత సంహిత ఉంది. సూత్రస్థానం 16వ అధ్యాయం చెవులు కుట్టడంతోనే మొదలవుతుంది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో శుక్లపక్షంలో, దాది ఒడిలో బిడ్డను ఆటవస్తువులతో మరిపిస్తూ వైద్యుడు ఎడమ చేత్తో చెవిని లాగి పట్టుకుంటాడు. ఎండకు పెడితే వెలుగు కనిపించే చోటు చూసి మెల్లగా, సూటిగా కుడతాడు. పలచటి చెవికి సూది, మందమైన చెవికి ఆర అనే లావైన పనిముట్టు. రక్తం ఎక్కువ వచ్చినా, నొప్పి ఎక్కువైనా చోటు తప్పిందని గ్రహించాలంటుంది. తగలకూడని మూడు సిరల పేర్లు కూడా చెబుతుంది: కాలిక, మర్మరిక, లోహితిక. వెలుగుకు పెట్టి రక్తనాళాలు చూసుకోవడం ఇవాళ పసిపిల్లలకు సెలైన్ ఎక్కించే నర్సులూ చేస్తారు. కంతలో దూది వత్తి పెట్టి నూనె తడిపి, మూడేసి రోజులకు ఇంకాస్త లావు వత్తి మార్చాలని కూడా ఆ అధ్యాయమే చెబుతుంది. అలా సాగదీసిన తమ్మెలు ఎంత బరువు మోసేవో చూడాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు కర్ణాభరణాలున్నాయి. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటివి, ఆంధ్ర ప్రాంతానివని భావిస్తున్నారు. రెక్కల సింహం, ఏనుగు మలిచిన ఆ నగలు మామూలు కంతలో పట్టేవి కావు.

ఇప్పుడు యంత్రం పుట్టుక. అమెరికాలో 1960ల్లో చెవులు కుట్టించుకోవడం మళ్లీ ఫ్యాషనైంది. ఆ దశకంలోనే స్ప్రింగుతో కుట్టే పనిముట్లకు పేటెంట్లు వచ్చాయి. 1970ల్లో ఇన్వర్నెస్, స్టూడెక్స్ లాంటి కంపెనీలు వాటిని నగల దుకాణాలకు, మాల్స్‌కు చేర్చాయి. క్లెయిర్స్ అనే దుకాణాల సంస్థ ఒక్కటే పది కోట్లకు పైగా చెవులు కుట్టామని చెప్పుకుంటుంది. కొద్దిపాటి శిక్షణతో ఎవరైనా ఆ పని చేయగలగడమే దానికి కారణం. చెయ్యి వణికినా స్ప్రింగు వణకదు. కంసాలికి ఏళ్ల తరబడి వేళ్లలో కుదిరిన బలం, వేగం ఇక్కడ ఒక మీటలో కుదిరాయి.

గన్నులోనూ కుట్టేది నగే. దుద్దు మొనే సూది. ఆ మేరకు ఇది కంసాలి ఆలోచనే. తేడా పిడిలో వచ్చింది. తీగకు పిడి లేదు, గన్నుకు ఉంది. ఆ పిడి, దాని ముక్కు ఒక చెవి తర్వాత ఇంకో చెవిని తాకుతూ పోయాయి. దుద్దు దూకినప్పుడు చిందే కంటికి కనిపించని రక్తపు తుంపర ముక్కు మీద పడుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఆస్పత్రి పనిముట్లయితే ఆటోక్లేవ్‌లో పెడతారు. పాశ్చర్ సహచరుడు షాంబర్లాండ్ 1879లో తయారుచేసిన ఆ ఆవిరి పాత్ర 121 డిగ్రీల దగ్గర అన్నిటినీ చంపుతుంది. ప్లాస్టిక్ గన్ను అక్కడ పెడితే వంకర్లు పోతుంది. అందుకని దూదిని స్పిరిట్‌లో తడిపి తుడవడంతో సరిపెట్టారు. తుడుపు స్ప్రింగు సందుల్లోకి పోదు.

దీనికి తోడు ఈ యంత్రానికి చెవి మందం తెలియదు. సుశ్రుతుడు పలచటి చెవికి ఒకటి, మందపాటి చెవికి ఒకటి అన్నాడు. గన్నులో దుద్దు కాడ పొడవు ఒకటే. మందపాటి తమ్మె వాచితే కాడ చాలదు, సీల చర్మంలోకి దిగబడుతుంది. దుద్దు పూర్తిగా తమ్మెలో కూరుకుపోయిన పిల్లలను డాక్టర్లు చిన్న కోత పెట్టి బయటపడేయాల్సి వస్తుంది.

అసలు గండం తమ్మె దాటి పైకి పోయినప్పుడు మొదలైంది. మన అమ్మమ్మలు చెవి పైభాగంలో బావిలీలు పెట్టుకున్నట్టే ఇప్పటి అమ్మాయిలు, అబ్బాయిలు అక్కడ సన్నటి రింగులు కోరుకుంటున్నారు. తమ్మెలో కొవ్వు, రక్తం ఉంటాయి. పైభాగంలో ఉండేది మృదులాస్థి. దానిలోకి రక్తనాళాలు రావు. పైన పొరలా అంటుకున్న కవచం నుంచే దానికి ఆహారం అందుతుంది. అక్కడ చీము పడితే కవచం మృదులాస్థిని విడిచి లేస్తుంది, కింద అది చచ్చిపోయి చెవి ముడుచుకుపోతుంది. రక్తం చేరని చోటికి మందు కూడా సరిగ్గా చేరదు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2000లో అదే జరిగింది. ఒక నగల కియోస్కులో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చెవులు కుట్టించుకున్న 118 మందిని ఆరోగ్యశాఖ వారు కలిశారు. ఏడుగురికి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకినట్టు తేలింది, ఇంకో పద్దెనిమిది మందికి అనుమానం. తేలినవాళ్లందరూ 10 నుంచి 19 ఏళ్ల పిల్లలు. నలుగురు ఆస్పత్రిలో చేరారు, కొందరి చెవులు ఆకారం కోల్పోయాయి. వెతికితే ఆ బ్యాక్టీరియా క్రిమిసంహారక మందు సీసాలోనూ, పనివాళ్లు చేతులు కడుక్కునే సింకులోనూ దొరికింది. శుభ్రం చేయాల్సిన సీసానే రోగాన్ని పంచింది. 2004లో ఈ వివరాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యాయి.

అయితే స్ప్రింగు దెబ్బకే మృదులాస్థి పగిలిపోతుందని చాలామంది గట్టిగా చెబుతుంటారు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన పరీక్ష అలా చెప్పలేదు. చనిపోయినవారి చెవులను స్ప్రింగు గన్నుతోనూ, సూదితోనూ కుట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే గాయం తీరు దాదాపు ఒకేలా కనిపించింది. ఒక్క పరీక్షతో విషయం తేలిపోదు. అయినా నా మట్టుకు, దోషం స్ప్రింగుది కన్నా పదిమందికీ తగిలే పిడిదీ, తుడుపుతో సరిపెట్టే అలవాటుదీ అనిపిస్తుంది.

ఆ దోషాన్ని దిద్దిన దారులు రెండు. ఒకటి బోలు సూది. జిమ్ వార్డ్ అనే అమెరికన్ 1975లో గాంట్లెట్ అనే వ్యాపారం మొదలుపెట్టి ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. ఏటవాలుగా కోసిన బోలు మొన చర్మాన్ని నెట్టి చీల్చకుండా కోస్తూ వెళ్తుంది. సూదిని ఒక్కసారే వాడి పారేస్తారు. వెనకాలే నగను దూరుస్తారు. 1994లో అమెరికాలో ఏర్పడిన వృత్తి పియర్సర్ల సంఘం గన్నును వద్దంటుంది, సూదినే వాడమంటుంది. రెండోది క్యాసెట్. దుద్దు, సీల, చెవికి తగిలే భాగాలన్నీ ఫ్యాక్టరీలోనే శుద్ధి చేసి మూసిన చిన్న పెట్టెలో వస్తాయి. ఒక చెవికి వాడాక మొత్తం చెత్తబుట్టకు పోతుంది. కొన్నిటిలో స్ప్రింగు కూడా లేదు, చేతి ఒత్తిడితో మెల్లగా నొక్కుతారు. తిరిగి తిరిగి యంత్రం కంసాలి తీగ దగ్గరికే వచ్చింది: ఒక పిల్లకు తగిలింది ఇంకో పిల్లకు తగలదు.

అందుకని రాజమండ్రిలో మనకు తెలియని స్టూడియోలోకి వెళ్లినప్పుడు గోడ మీది ఫొటోలు, ఏసీ చల్లదనం చూసి నమ్మేయకూడదు. నోరు తెరిచి అడగాలి. "ప్యాకెట్టు నా ముందే విప్పుతారా అండీ? ఈ సూది మళ్లీ ఇంకెవరికైనా వాడతారా? చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకోండి." మన దగ్గర పెద్దవాళ్లను అలా నిలదీయడం మర్యాద కాదనుకుంటాం. పని తెలిసినవాళ్లు నొచ్చుకోరు, ముందే చూపిస్తారు. తమ్మెకైతే మూసిన క్యాసెట్ సరిపోతుంది. పైభాగానికి గన్ను తీస్తే వద్దని చెప్పి లేచి రావడమే మంచిది.

లోహం సంగతి కూడా అడగాలి. చెవి కుట్టిన కొత్తలో పచ్చి గాయం లోపలే లోహం ఉంటుంది. చెమట, రసి తగిలి నికెల్ కరిగి ఒంట్లోకి దిగుతుంది. ఒకసారి అలర్జీ పట్టుకుంటే జీవితాంతం వాచీ గొలుసుకు కూడా దురద పెడుతుంది. ఎండాకాలం ఉక్కపోతలో చెవి వెనక చెమట ఆరని మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. యూరప్ 1994లో ఇలాంటి దుద్దుల్లో నికెల్ 0.05 శాతం దాటకూడదంది. లోహంలో ఎంత ఉందన్నది కాదు, ఎంత బయటికి వస్తోందన్నదే ముఖ్యమని తెలిశాక, 2004లో వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకన్నా తక్కువే రావాలని మార్చింది. ఇంప్లాంట్లకు వాడే టైటానియం, 916 బంగారం నమ్మదగినవి.

తమ్మె ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది, పైభాగం నెలల తరబడి పడుతుంది. అన్నాళ్లూ శుభ్రమైన సెలైన్‌తో కడిగితే చాలు. పసుపు, బూడిద, వేపనూనె అక్కర్లేదు. దుద్దు తిప్పుతూ ఉండకూడదు. గోదావరిలోనూ, కాలువలోనూ, చెరువులోనూ తల మునగకుండా ఉండాలి, ఎందుకంటే సూడోమోనాస్ నీటిలో బతికే బ్యాక్టీరియా. తమ్మె మామూలుగానే ఉండి పైభాగం ఎర్రబడి, వేడెక్కి, వాస్తే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ కుట్టించుకున్నామన్న సంగతి ముందే చెప్పాలి. ఒరెగాన్ పిల్లల్లో చాలామందికి మొదట ఇచ్చిన యాంటీబయాటిక్ ఈ బ్యాక్టీరియా మీద పనిచేసేది కాదు, చెవులు చెడిపోయేదాకా రావడానికి ఆ ఆలస్యమూ తోడయింది.